పెరాంబ్ర నర్సు లినీ
(మే 12, నర్సుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన సిస్టర్లకు, వెనక వరసల్లో కూర్చున్న నర్సింగ్ విద్యార్థులకు నమస్కారం.

మే 12న మాట్లాడమంటే ఎవరైనా ఫ్లోరెన్స్ నైటింగేల్‌తోనే మొదలుపెడతారు. 1820లో ఆవిడ పుట్టిన రోజు కాబట్టే ఈ తేదీని మనం నర్సుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. క్రిమియా యుద్ధం గురించీ, ఆ దీపం గురించీ మీరు పుస్తకాల్లో చదివారు, పరీక్షల్లో రాశారు. ఆవిడంటే నాకు చాలా గౌరవం. కానీ ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది లినీ పుదుస్సేరి గురించి.

కేరళలో కోజికోడ్ జిల్లాలో పెరాంబ్ర అని ఒక చిన్న పట్టణం. అక్కడి తాలూకా ఆసుపత్రిలో లినీ నర్సుగా పనిచేసేది. పర్మనెంట్ పోస్టు కాదు, కాంట్రాక్ట్ ఉద్యోగం. భర్త బహ్రెయిన్‌లో ఉండేవాడు. ఇద్దరు మగపిల్లలు, పెద్దవాడికి ఐదేళ్లు, చిన్నవాడికి రెండు. 2018 మే 21 తెల్లవారుజామున నిపా వైరస్ సోకి కోజికోడ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆమె చనిపోయింది.

దేశమంతా ఆమె పేరు మోగింది ఆమె రాసిన ఉత్తరం వల్ల. దాని గురించి కూడా చెబుతాను. కాని ముందు చెప్పాల్సింది ఆమె పని గురించి. ఉత్తరం చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఇంతకీ ఆ అమ్మాయికి ఆ జబ్బు ఎలా అంటుకుంది, ఆ రాత్రి వార్డులో ఆమె చేతిలో ఏముంది, ఏం లేదు అని అడిగినవాళ్లు తక్కువ. నర్సులం మనమన్నా అడగాలి.

మే మొదటి వారంలో పెరాంబ్రకు దగ్గర్లోని ఒక పల్లె నుంచి ఇరవై ఆరేళ్ల యువకుణ్ణి తాలూకా ఆసుపత్రికి తీసుకొచ్చారు. జ్వరం. ఇలాంటి కేసు మనలో ఎవరం చూడలేదు చెప్పండి? వానలకు ముందు ఏ ఆసుపత్రిలోనైనా వార్డులో సగం మంచాలు జ్వరం కేసులే. ఆ యువకుణ్ణి చూసుకున్న నర్సుల్లో లినీ ఒకరు. పరిస్థితి చెయ్యి దాటుతోందని అతన్ని కోజికోడ్ మెడికల్ కాలేజీకి రిఫర్ చేశారు. మే 5న అతను అక్కడ చనిపోయాడు. ఏ జబ్బుతో పోయాడన్నది అప్పటికి తేలలేదు.

విద్యార్థులూ, మీలో చాలామందికి ఇంకా రాత్రి పోస్టింగులు మొదలై ఉండవు. అలాంటి రోగి పక్కన రాత్రి డ్యూటీ అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. నిపాలో మెదడు వాస్తుంది. చాలామందికి ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటాయి. రోగి దగ్గుతాడు, వాంతి చేసుకుంటాడు. మత్తులోకి జారుకున్నవాడు ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచి చేతికున్న కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం, పీకేస్తాడు. రక్తం కారుతుంది. నర్సు పరుగెత్తుకెళ్లి ఒక చేత్తో అక్కడ నొక్కిపట్టి, రెండో చేతికి కొత్త నరం వెతుకుతుంది. నరం వెతికేటప్పుడు ఆమె ముఖానికీ అతని ముఖానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. వాంతి అవుతుంటే తల పక్కకు తిప్పి పట్టుకోవాలి, లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత నోరు శుభ్రం చేయాలి. దుప్పటి తడిస్తే మనిషిని ఒక పక్కకు దొర్లించి మార్చాలి. సాయానికి రెండో మనిషి లేకపోతే అతని బరువు మన ఒంటికే ఆనించుకుంటాం. జ్వరం తగ్గడానికి తడిగుడ్డతో ఒళ్లంతా తుడవాలి. గంటగంటకూ నాడి, బీపీ, టెంపరేచర్ చూసి కేస్ షీట్‌లో ఎక్కించాలి. బయట వరండాలో వాళ్ల అమ్మ కూర్చుని ఉంటే మధ్యలో వెళ్లి ఆమెకు ఒక మాట చెప్పి రావాలి. ఇందులో ఏ ఒక్క పనీ దూరంగా నిలబడి చేసేది కాదు.

నిపా మనిషి నుంచి మనిషికి సోకేది కూడా సరిగ్గా ఈ పనుల్లోనే. దగ్గినప్పుడు పడే తుంపర్లు, ఉమ్మి, వాంతి, మూత్రం, రక్తం, వీటి ద్వారా పాకుతుంది. జబ్బు ముదిరేకొద్దీ రోగి నుంచి సోకే ప్రమాదం ఎక్కువ. అంటే రోగికి నర్సు అవసరం ఎంత పెరుగుతుందో, నర్సుకు ముప్పు కూడా అంత పెరుగుతుంది. వైరస్ లోపలికి వెళ్లాక సాధారణంగా 4 నుంచి 14 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. మే నెల మొదట్లో ఆ యువకుడికి సేవ చేసిన లినీకి నెల మధ్యలో జ్వరం వచ్చింది.

ఈ లోపల ఏం జరిగిందో చూడండి. చనిపోయిన యువకుడి అన్నకు అవే లక్షణాలు వచ్చాయి. కోజికోడ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి ఇలా రావడం అక్కడి డాక్టర్లకు అనుమానం కలిగించింది. మామూలు మెదడువాపు అనుకుని వదిలేయకుండా శాంపిళ్లు మణిపాల్‌లోని వైరస్ పరిశోధన కేంద్రానికి పంపారు. పూణేలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ మే 20న ఖాయం చేసింది, ఇది నిపా అని. కేరళలో అంతకుముందు ఎన్నడూ నిపా బయటపడలేదు. అంత త్వరగా పట్టుకున్న ఆ డాక్టర్ల చురుకుదనాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆ అనుమానమే రాకపోయి ఉంటే ఎంతమంది పోయేవాళ్లో. అయినా ఆ ఒక్క కుటుంబంలోనే నలుగురు చనిపోయారు.

మే 20న జబ్బు పేరు తెలిసింది. మరునాడు తెల్లవారకముందే లినీ పోయింది. తనకు సోకినదాని పేరు తెలియకుండానే ఆమె ఆ రోగికి సేవ చేసింది. అందుకే ఈ విషయం మాట్లాడాలనుకున్నాను. కొత్త జబ్బు వచ్చేటప్పుడు తన పేరు చెప్పుకుంటూ రాదు. అది ముందు పెద్ద నగరంలోని ఐసోలేషన్ వార్డుకు రాదు. చిన్న ఊళ్లో తాలూకా ఆసుపత్రికో, ఏరియా ఆసుపత్రికో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో మామూలు జ్వరంలాగా వస్తుంది. దాని ముందు మొట్టమొదట నిలబడేది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు. ల్యాబ్ రిపోర్టు, మంత్రిగారి ప్రెస్ మీట్, కేంద్ర బృందం, రక్షణ దుస్తులు ఇవన్నీ తర్వాత వస్తాయి.

జ్వరం వచ్చాక లినీ ఏం చేసిందో కూడా చెప్పాలి. పరిస్థితి అర్థమయ్యాక తనను అందరికీ దూరంగా ఉంచమని తానే అడిగిందని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఇంట్లో వాళ్లను దగ్గరికి రానివ్వొద్దంది. ఊపిరి అందని స్థితిలో, ఇంటి దగ్గర రెండేళ్ల బిడ్డ ఉన్న తల్లి ఆ మాట అనాలంటే ఎంత గుండె నిబ్బరం కావాలి! అది చదివినప్పుడల్లా నాకు ఆమె నర్సుగా చేసిన చివరి పని అదేననిపిస్తుంది. రోగి మంచం మీద ఉండి కూడా ఆ అమ్మాయి డ్యూటీ చేసింది.

ఉత్తరం ఐసీయూలోనే రాసింది, భర్తకు. నాలుగైదు వాక్యాలు. నేను దాదాపు వెళ్లిపోతున్నాను, నిన్ను చూడగలనని అనుకోవడం లేదు, క్షమించు, మన పిల్లల్ని బాగా చూసుకో, చిన్నవాణ్ణి గల్ఫ్‌కు తీసుకెళ్లు, నువ్వు ఒంటరిగా ఉండిపోవద్దు అని. అందులో తన జబ్బు గురించి, తన బాధ గురించి ఒక్క ముక్క లేదు. భర్త కబురు అందగానే బహ్రెయిన్ నుంచి బయలుదేరి వచ్చాడు. ఐసీయూలో కాసేపు చూడగలిగాడు. ఆమె పోయాక వ్యాధి పాకుతుందన్న భయంతో భౌతికకాయాన్ని ఇంటికి పంపలేదు. కోజికోడ్‌లోనే విద్యుత్ శ్మశానవాటికలో అంత్యక్రియలు చేశారు. పిల్లలు తల్లిని చివరిసారి చూసుకోలేదు.

ఆమె సహోద్యోగులకు జరిగింది మాత్రం పేపర్లలో అంతగా రాలేదు. నిపా పేరు బయటికి రాగానే పెరాంబ్ర ఆసుపత్రి దాదాపు ఖాళీ అయింది. రోగులు మంచాలు వదిలి వెళ్లిపోయారు. అక్కడ పనిచేసే నర్సులను ఆటోల్లో ఎక్కించుకోలేదు. బస్సుల్లో పక్కన కూర్చోడానికి జనం జంకారు. పొద్దున లినీ ఫొటోకు దండ వేసిన ఊళ్లోనే సాయంత్రం లినీతో కలిసి పనిచేసిన అమ్మాయి నడిచి ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. జనాన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. భయం అలాంటిది. రెండేళ్ల తర్వాత కరోనా వచ్చినప్పుడు దేశంలో ఎన్నో చోట్ల నర్సులను అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారు, అది మీకూ గుర్తుండే ఉంటుంది. పళ్లేలు మోగించిన చేతులు కొన్ని, తలుపులు మూసిన చేతులు కొన్ని. నిపా రోజుల్లో అలాంటి టెన్షన్ మధ్యే పెరాంబ్ర నర్సులు మరుసటి షిఫ్టుకు వచ్చారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు, కానీ ఈ సభ వాళ్లకు కూడా చెందాలి.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్తాను. నిపా మనకు కేరళతో మొదలవలేదు. ఈ వైరస్‌ను మొదట గుర్తించింది 1998-99లో మలేషియాలో. అక్కడ పందుల నుంచి మనుషులకు వచ్చింది. పండ్లు తినే గబ్బిలాల్లో ఈ వైరస్ సహజంగా ఉంటుంది. మన దేశంలో మొదటి దెబ్బ 2001లో, పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో. 66 మందికి వచ్చి 45 మంది చనిపోయారు. జబ్బు సోకినవాళ్లలో దాదాపు ముప్పాతిక వంతు మంది ఎవరో తెలుసా? ఆసుపత్రి సిబ్బంది, రోగుల్ని చూడ్డానికి వచ్చినవాళ్లు. అది నిపా అని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది, దాచిన శాంపిళ్లను తర్వాత పరీక్షిస్తే బయటపడింది. అంటే లినీకి పదిహేడేళ్ల ముందే సిలిగురి ఆసుపత్రుల్లో ఆమెలాంటి వాళ్లు పోయారు. వాళ్లెవరూ ఉత్తరం రాయలేదు. రాసినా మనదాకా రాలేదు.

2018లో కోజికోడ్‌లో కూడా అదే జరిగింది. గబ్బిలం నుంచి సోకిందని అనుకుంటున్నది మొదటి యువకుడికే. మిగతా వాళ్లలో ఎక్కువ మందికి ఆసుపత్రుల్లోనే అంటుకుంది. అతను పెరాంబ్ర ఆసుపత్రిలో ఉన్నప్పుడు కొందరికి, మెడికల్ కాలేజీలో స్కానింగ్ కోసం కారిడార్‌లో వేచి ఉన్నప్పుడు అటుగా వెళ్లినవాళ్లలో మరికొందరికి. ఇది చెబితే ఎవరైనా ఆసుపత్రులదే తప్పు అనుకోవచ్చు. నేననేది వేరు. ఆసుపత్రి కారిడార్‌లో గాలి ఆడాలి, దగ్గే రోగిని విడిగా కూర్చోబెట్టడానికి ఒక గది ఉండాలి, క్యాజువాల్టీ (అత్యవసర విభాగం) గుమ్మంలోనే మాస్కులు ఉండాలి. ఇవన్నీ ప్రాణాలు కాపాడే మందులే. నిపాకు ఈనాటికీ ప్రజలకు వేసే టీకా లేదు, ఖచ్చితంగా నయం చేసే మందు లేదు. సోకినవాళ్లలో 40 నుంచి 75 శాతం మంది చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అలాంటి జబ్బుకు చేతులు కడుక్కోవడం, గ్లోవ్స్, గౌను, మాస్కు, మంచాల మధ్య దూరం, ఇవే మన దగ్గరున్న ఆయుధాలు.

స్టాండర్డ్ ప్రికాషన్స్ అని మీకు మొదటి ఏడాదిలోనే చెబుతారు. ప్రతి రోగి రక్తాన్నీ, స్రావాలనూ ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టే భావించి జాగ్రత్త పడాలి, రిపోర్టు కోసం ఎదురుచూడకూడదు. పేరు తెలియని జబ్బుకు సరైన సమాధానం అదే. కానీ అమ్మా, ఇది క్లాసులో చెప్పడం తేలిక. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం మామూలు ఆసుపత్రి వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలి, ఐసీయూలో ఒక్కరికి ఒకరు. మీరు పోస్టింగ్‌కు వెళ్లిన వార్డుల్లో రాత్రిపూట ఎంతమందికి ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఒక్క నర్సు నలభై మందిని చూసుకుంటూ, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లే మధ్యలో గ్లోవ్స్ మార్చి చేతులు కడుక్కోవాలంటే తెల్లారేదాకా సింకు దగ్గరే నిలబడాలి. స్టోరు తాళం పొద్దున వచ్చే ఉద్యోగి దగ్గర ఉంటే రాత్రి రెండు గంటలకు మాస్కు ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను పనిచేసిన ఒక చోట ఒక బాక్సు గ్లోవ్స్ వారానికి సర్దుకోమనేవాళ్లు. సర్దుకున్నాం. సర్దుకోవడాన్ని సేవాభావం అన్నారు. నాకు అది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

కాంట్రాక్ట్ మాట కూడా ఎత్తాలి. లినీ చేసిన పని పర్మనెంట్ నర్సు చేసే పనే. వైరస్‌కు కాంట్రాక్టూ రెగ్యులరూ తేడా తెలియదు. నర్సుల జీతాల గురించి 2016లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే నియమించిన నిపుణుల కమిటీ, యాభైకన్నా తక్కువ పడకలున్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని చెప్పింది. కేరళలో నర్సులు రోడ్డెక్కి పోరాడాక 2018 ఏప్రిల్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు కనీస వేతనం ఆ మేరకు ప్రకటించారు. లినీ చనిపోవడానికి దాదాపు నెల ముందు. మనదగ్గర చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో ఈ రోజుకూ అమ్మాయిలకు ఎంత చేతిలో పెడుతున్నారో ఈ హాల్లో ఉన్న చాలామందికి తెలుసు. ఆ జీతానికి కూడా ఎవరూ రాత్రి రోగిని వదిలి వెళ్లిపోవడం లేదు. అందుకు వాళ్లను దేవతలు అంటున్నాం. జీతం గురించి అడగడానికి మాత్రం దేవతకు నోరు ఉండదు. దయచేసి ఈ వేదిక మీద నుంచి నర్సులను దేవతలు అనకండి. లినీ బాగా చదువుకున్న నర్సు. పని తెలిసిన మనిషి. ఆ పని సురక్షితంగా చేసే హక్కు ఉన్న మనిషి.

ఆమె పోయాక ప్రభుత్వం చేయాల్సింది కొంత చేసింది. పిల్లలిద్దరికీ పదేసి లక్షలు ఇచ్చారు. భర్తకు ఆరోగ్య శాఖలో ఉద్యోగం ఇచ్చారు. కేరళలో ఉత్తమ నర్సు అవార్డుకు ఆమె పేరు పెట్టారు. 2019లో జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు ఆమెకు మరణానంతరం ఇస్తే భర్త వెళ్లి రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థలో వైద్య సిబ్బంది వ్యవహారాలు చూసే జిమ్ క్యాంప్‌బెల్, మరచిపోవద్దంటూ మూడు పేర్లు కలిపి రాశారు. గాజాలో క్షతగాత్రులకు సాయం చేస్తూ తూటాకు బలైన రజాన్ అల్ నజ్జార్, లైబీరియాకు చెందిన సలోమ్ కార్వా, మన లినీ. సలోమ్ సంగతి తెలుసుకోండి. ఎబోలా సోకి బతికి, మళ్లీ ఎబోలా రోగులకే సేవ చేసిన అమ్మాయి. 2017లో కాన్పు తర్వాత చనిపోయింది. ఆమెను ముట్టుకోవడానికి ఆసుపత్రి సిబ్బందే భయపడ్డారని ఇంట్లోవాళ్లు చెప్పారు. నర్సుకు జబ్బు చేస్తే నర్సుగా చూసేవాళ్లు ఉండాలి కదా.

అవార్డులకన్నా నాకు ఎక్కువ తృప్తినిచ్చేది ఆ తర్వాత కోజికోడ్‌లో, కేరళలో జరిగింది. 2018లోనే రెండు వేలమందికి పైగా కాంటాక్టులను, అంటే రోగులకు దగ్గరగా మెలిగినవాళ్లను, వెతికి, ఇళ్ల దగ్గరే ఉంచి, రోజూ ఫోన్ చేసి కనుక్కున్నారు. అప్పటి ఆరోగ్య మంత్రి కె.కె. శైలజ కోజికోడ్‌లోనే మకాం పెట్టి పని నడిపించారు. జూన్ నెలకు వ్యాధి ఆగిపోయింది. తర్వాత జ్వరంతో పాటు మెదడువాపు లక్షణాలు కనబడితే నిపా అనుమానించడం అక్కడి ఆసుపత్రులకు అలవాటైంది. 2019 జూన్‌లో ఎర్నాకుళంలో ఒక విద్యార్థికి నిపా వచ్చింది. అతను బతికాడు. అతని నుంచి ఇంకెవరికీ సోకలేదు. 2021 సెప్టెంబర్‌లో కోజికోడ్‌లో పన్నెండేళ్ల పిల్లవాడు చనిపోయాడు, పాపం. కాని అతన్ని చూసుకున్న నర్సుల్లో ఒక్కరికీ రాలేదు. ఇది అదృష్టం వల్ల జరగలేదు. గుమ్మం దగ్గరే మాస్కు, రోగికి విడి గది, చేతికందిన గ్లోవ్స్, వీటివల్ల జరిగింది. పెరాంబ్ర వార్డులో మొదటి రాత్రి లేనివి ఇవే.

విద్యార్థులకు ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 2018లో పరీక్షలో నిర్ధారణ అయిన 18 మందిలో ప్రాణాలతో బయటపడింది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు నర్సింగ్ విద్యార్థిని, మీ వయసే. మెడికల్ కాలేజీలో పోస్టింగ్‌లో ఉండగా సోకింది. 2023 సెప్టెంబర్‌లో కోజికోడ్‌లో మళ్లీ నిపా వచ్చింది. ఆరుగురికి సోకితే ఇద్దరు పోయారు. మిగిలిన నలుగురిలో వెంటిలేటర్ మీద ఉన్న తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు, రోగికి సేవ చేస్తూ జబ్బు తెచ్చుకున్న ఇరవై నాలుగేళ్ల ఆసుపత్రి ఉద్యోగి ఉన్నాడు. నలుగురికీ నయమై ఆ నెలాఖరుకు డిశ్చార్జ్ అయ్యారు.

సెలవు. నమస్కారం.